మూతలు బిగించిన రోజు

స్స్... స్స్...

లోపలి గదిలో సీసాలు ఊపిరి వదులుతున్నాయి.

సన్నగా. ఒకదాని తర్వాత ఒకటి. పులిసిన ద్రాక్ష వాసన తలుపు కింది సందులోంచి పాకి, చాప మీదికి వచ్చి, మునిలక్ష్మి జడలోకి ఎక్కుతోంది.

ఆ రోజుల్లో ఇంట్లో ఉన్నవాళ్ళు — పుల్లయ్య మామ. ఆయన భార్య వెంకటేశ్వరి, మునిలక్ష్మికి మేనత్త. పక్క వాటాలో ఒంటరిగా ఉండలేక చాప చంకన పెట్టుకుని వచ్చేసిన సుల్తాన్‌బీ. మునిలక్ష్మి.

ఇంకా, సీసాలు.

అవి కూడా ఇంట్లోవాళ్ళే. అందరూ నిద్రపోయాక మేలుకుని ఉండేది అవే.

బయట ఫహాహీల్ పట్నం. బయట ఎండ. సందు మలుపులో ఇసుక మూటలు. మూటల వెనక ఇరాకీ సైనికులు.

సముద్రం మీది నుంచి ఉప్పు గాలి వస్తోంది. ఎప్పటిలాగే వస్తోంది. ఆ గాలికి ఏమీ తెలియదు.

సైనికులు రాకముందు ఈ సీసాలు మామ సరదా.

మామ షువైఖ్ రేవులో లారీ నడిపేవాడు. అక్కడి గోవా వంటవాడి దగ్గర పులియబెట్టడం నేర్చుకున్నాడు. ద్రాక్షరసం డబ్బాలు, చక్కెర, రొట్టె పొంగడానికి వేసే ఈస్టు. ఏడాదికి ఒక జాడీ. ఈ దేశం ఒప్పుకోని పని. అందుకే గుట్టుగా, స్నేహితులకు తలా ఒక గ్లాసు.

"సారాయి గాదు మే ఇది," అనేవాడు మునిలక్ష్మితో. "ద్రాచ్చరసమే. కాస్త వయసొచ్చిన ద్రాచ్చరసం."

అత్త మూతి తిప్పేది. "వయసొచ్చింది దానికి గాదు, నీకు. బుద్ధే ఇంకా రాలా."

ఆగస్టులో ఒక తెల్లవారుజామున ట్యాంకులు వచ్చాయి.

మునిలక్ష్మి పనిచేసే ఇంటివాళ్ళు రెండు కార్లలో సౌదీ దారి పట్టారు. కార్లలో తివాచీలకు చోటుంది. ఆమెకు లేదు. పాస్‌పోర్టులో ఆమె వయసు ఇరవై ఐదు. ఒంటి మీది వయసు పదహారు. ఊళ్ళో ఆమె పదో తరగతి పుస్తకాలు ఇంకా అటక మీదే ఉన్నాయి.

ఆమె మామ ఇంటికి నడిచి వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

అంగళ్ళు మూతపడ్డాయి. రొట్టె కోసం జనం గోడల వెంట బారులు తీరారు. ఎండలో... ఇసుకలో... ఉప్పు గాలిలో.

ఒకరోజు కింది వాటా రాజమౌళి వచ్చాడు. కరీంనగర్ మనిషి. చేతిలో పాలపొడి డబ్బా.

"పుల్లన్నా, ఒక సీస ఇయ్యే. కండ్లు మూస్తె ట్యాంకులే కనవడ్తున్నయ్. నిద్ర పడ్తలేదు."

మామ సీసా ఇచ్చాడు. డబ్బా తీసుకున్నాడు.

అలా మొదలైంది.

సీసాకు బియ్యం. సీసాకు పప్పు. సందు చివరి ఈజిప్టు రొట్టెలవాడికి సీసా ఇస్తే, బారులో నిలబడకుండా రొట్టెలు. తాగినవాళ్ళు ఖాళీ సీసాలు కడిగి తెచ్చి గడప దగ్గర పెట్టి పోయేవారు. షర్బత్ సీసాలు, సిరప్ సీసాలు, నూనె సీసాలు.

ఎవరూ తాగడానికి రాలేదు. సందు సందంతా నిద్ర కోసం వచ్చింది.

యజమానులు పారిపోయిన గోదాముల నుంచి మామ రసం డబ్బాలు మోసుకొచ్చాడు. అత్త చక్కెర కరిగించింది. సుల్తాన్‌బీ గోడకు ఆనుకుని చెంపలేసుకుంది.

"తోబా తోబా. నేను తాగను, అమ్మను, ముట్టను. ఆ వడకట్టే గుడ్డ ఇట్లియ్యండి, ఉతికిస్తా. ఆ మురికి సూల్లేక సస్తాండా."

ఇల్లంతా నవ్వింది. నవ్వు సందులోకి పోకుండా, నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

మునిలక్ష్మి సీసాలు కడిగింది. పక్కన కూర్చుని మామ మూతలు పెట్టాడు.

"సగం తిప్పి వదిలేయాల. బిగియద్దు. లోపల అది బతికుండాది, ఊపిరి వదులుతాండాది. ఊపిరాపినావంటే పగుల్తాది."

అల్ రాయ్ పేటలో ఒక స్నేహితుడి గదిలో అలాగే పగిలిందట. గాజు పెంకులు పైకప్పులో దిగబడ్డాయట.

"తుపాకి పేలినట్టే మే. ఆ తర్వాత నేను ఆ పక్కకు పోతే ఒట్టు."

మునిలక్ష్మి తల ఊపింది. అత్త అప్పుడు చక్కెర కోసం పై అంతస్తుకు పోయి ఉంది, సుల్తాన్‌బీ గుడ్డ ఉతకడానికి పోయి ఉంది. ఆ మాట విన్నది మునిలక్ష్మి ఒక్కతే.

సగం. సగం. సగం.

ఆ వారమే సందు మలుపులో ఒక కారు టైరు పేలింది. టైరే. సైనికులు తుపాకి అనుకుని ఇటు తిరిగి, ఎదురింటి కిటికీలోకి కాల్చారు.

ఆ కిటికీకి ఆరేసిన తువాలు ఇంకా అక్కడే ఉంది. గాలికి ఊగుతోంది. తీసేవాళ్ళు లేరు.

తర్వాత బస్సు మాట వచ్చింది.

బస్రా మీదుగా, బాగ్దాద్ మీదుగా, ఎడారి దాటి జోర్డాన్. అక్కడి నుంచి విమానం. విమానం దిగితే కడప దారి... ఎర్రమట్టి... అమ్మ.

డ్రైవరు సీసాలడిగాడు. దారి పొడవునా బస్సు ఆపేవాళ్ళుంటారు. ఆపిన ప్రతి చేతిలో ఒక సీసా పెట్టాలి. గదిలో ఉన్నవన్నీ ఇస్తే ఈ ఇంట్లోవాళ్ళందరికీ సీట్లు.

సీసాల్లో రసం ఇంకా పులుస్తూనే ఉంది. ఇంకొన్నాళ్ళు ఆగాలి. బస్సు ఆగదు.

ఆ ఉదయం మామ ప్రతి మూతనూ ముట్టి చూశాడు.

"డ్రైవర్ను తోలుకొస్తా. మూటలు కట్టుకోండి."

చెప్పులు టపటపమంటూ మెట్లు దిగాయి.

ఎండ నడినెత్తికి వచ్చింది. చెప్పులు తిరిగి రాలేదు.

ఎండ గోడ మీదికి వాలింది. రాలేదు.

ఏసీని సైనికులు ఎప్పుడో పీక్కుపోయారు. ఆ కన్నానికి అట్ట అడ్డం పెట్టి ఉంది. లోపలి గది పొయ్యిలా కాగింది. స్స్... స్స్... సీసాలు తొందరపడుతున్నాయి. వాసన చిక్కబడింది. గడప దాటింది. మెట్లు దిగింది.

అత్త ముక్కు ఎగబీల్చింది.

"కింది దాకా పోతాంది వాసన. వాళ్ళ ముక్కున పడిందంటే బస్సెక్కాల్సినవి వాళ్ళ కడుపులోకి పోతాయి. మే, పోయి మూతలన్నీ బిగించు. పైన మైనం పుయ్యి."

మునిలక్ష్మి కదల్లేదు.

"నిలబడి సూస్తావేంది? నా చేతి ఊరగాయ ఏనాడన్నా చెడిందా? గాలి చొరకుండా కట్టాల. అట్ల కడితే ఏదైనా నిలుస్తాది."

బిగియద్దు అత్తా...

మాట గొంతు దాకా వచ్చింది.

ఊళ్ళో బడిలోనూ అంతే. జవాబు తెలుసు. చెయ్యి లేవదు. లేచినా, పంతులు ఇటు తిరిగేలోపు దిగిపోతుంది.

అత్త ఆమెను చూడడం లేదు. మెట్ల వైపే చూస్తోంది. పొద్దుటి నుంచి అటే చూస్తోంది. ఎర్రబడిన కళ్ళు. రెప్ప వేస్తే ఆయన రాడేమో అన్నట్టున్న కళ్ళు.

ఆ కళ్ళకు ఎదురు చెప్పడం మునిలక్ష్మికి చేతకాలేదు.

మాట దిగిపోయింది.

ఆమె బిగించింది. ఒక్కొక్కటే. బిగించినప్పుడల్లా మూత కింద ఒక సన్నని చప్పుడు — స్స్ — మధ్యలో తెగిపోయింది. కరిగిన కొవ్వొత్తి వేలి మీద పడింది. తుడుచుకోలేదు. కాలనిచ్చింది.

చివరి సీసా.

గది మూగబోయింది.

"సూసినావా," అంది అత్త. "ఇప్పుడు వాసనే లేదు."

వెలుతురు పలచబడింది. ఎదురింటి తువాలు ఊగుతోంది.

మెట్ల మీద చప్పుడు.

అత్త లేచింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె ముఖం విప్పారింది. పైట సర్దుకుంది...

చెప్పులు కాదు.

బూట్లు.

కింద రాజమౌళి గొంతు — "ఇండియన్, సాబ్... ఇండియన్..." ఆ తర్వాత ఆ గొంతు వినిపించలేదు. బూట్లు వినిపించాయి.

సుల్తాన్‌బీ తన బుర్ఖా విప్పి మునిలక్ష్మి మీద కప్పబోయింది. అది జారి కింద పడింది.

"పిల్లను సూడగూడదు వాళ్ళు," అంది సుల్తాన్‌బీ. "యాడన్నా దాయి. యాడన్నా."

ఆ ఇంట్లో దాచడానికి ఒకటే చోటు.

అత్త ఆమె మణికట్టు పట్టి లాగింది. లోపలి గదిలోకి తోసింది. వేడి ముఖానికి కొట్టింది. గోడల వెంట సీసాలు, సీసాల మీద మైనం, మైనం మీద ఆమె వేలిముద్రలు.

అప్పుడు మునిలక్ష్మి నోరు విప్పింది.

"అత్తా... మూతలు... మామ బిగియద్దన్—"

"నోర్ముయ్ మే. ఊపిరి గూడ తీయగాకు."

తలుపు మూసుకుంది.

చీకటి. పులిసిన ద్రాక్ష. ఆమె చెవి ఒగ్గి వింది.

ఒక్కటీ ఊపిరి వదలడం లేదు.