ఆరు గజాల్లో అరగజం

నేను ఒక ఉప్పాడ పట్టుచీరను. వంకాయ రంగు, జానెడు జరీ అంచు. కాకినాడలో నాగరత్నమ్మ గారు నన్ను ముచ్చటపడి కొని, రెండు పెళ్లిళ్లకు కట్టి, పాడైపోతానేమోనని బీరువాలో పెట్టి మరిచిపోయారు. మనుషులు తమకు బాగా ఇష్టమైన వస్తువులను శిక్షించే పద్ధతి అది.

నాకు విడుదల ఆవిడ కోడలు సుభాషిణి వల్ల వచ్చింది. బడిలో ఆటల టీచరు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో విజయవాడలో ఆడవాళ్ల కండల పోటీ, అంటే ఫిజీక్ పోటీలో నిలబడతానని పట్టుబట్టింది. భర్త సత్యమూర్తి కాదనలేదు. ఇద్దరూ బీరువా పక్కనే కూర్చుని ఖర్చులు వేసుకునేవారు. ప్రవేశ రుసుము తగ్గేది కాదు. హోటల్ గది మానేసి పిన్నిగారింట్లో దిగుదామనుకున్నారు. కండలు తేలేలా ఒంటికి ముదురు రంగు పూసే మనిషిని కూడా మానేసి, ఆ పని పిన్నిగారికే అప్పగించారు. ఆవిడకు ఇంకా చెప్పలేదు.

చికెన్, గుడ్ల ఖర్చు మాత్రం వారం వారం పెరుగుతోంది. నాగరత్నమ్మ గారికి అది బోధపడలేదు.

"అన్నం మానేత్తే ఖర్చు తగ్గాలి గానీ, పెరుగుద్దేంటే?" అన్నారు.

అన్నీ కోసుకుంటూ వచ్చినా, వేదిక మీద వేసుకునే కాస్ట్యూమ్ దగ్గర బండి ఆగిపోయింది. తొమ్మిది వేలు. ఆ ధరకు ఎంత బట్ట వస్తుందో సుభాషిణి అత్తగారికి చెప్పలేదు. పోటీ మానుకుంటున్నానని మాత్రం చెప్పి, వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలే మళ్లీ తోముతోందని అత్తగారు గమనించారు. లేచి బీరువా తీశారు.

"మెరిసే బట్టేగా కావాలి. కోయించుకో" అని నన్ను కోడలి చేతిలో పెట్టారు.

ఖాదర్ వలీ అనే టైలరు నా చెంగులోంచి అరగజం కోసి, సాగే గుడ్డ మీద పరిచి కుట్టాడు. నొప్పి సంగతి పక్కన పెడితే, ఇన్నేళ్లకు నాకు గాలి తగిలింది.

వేదికెక్కాక సుభాషిణి వణికింది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. దీపాల వెలుగు మీద పడగానే వణుకు ఆగిపోయింది. నాలుగో స్థానం వచ్చింది. బహుమతులు ముగ్గురికే. తిరుగు రైల్లో ఆమె ఏడవలేదు, మూడు పొట్లాల పులిహోర తింది.

ఇంటికొచ్చాక ఫొటో చూపించక తప్పలేదు. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ఫోను అందుకోగానే సత్యమూర్తి ఏదో పని గుర్తొచ్చినట్టు వీధిలోకి వెళ్లిపోయాడు.

"ఈ కండలు నీయేనా?"

"నాయే అత్తయ్యా."

"మరి నా చీరేదే?"

సుభాషిణి వేలితో చూపించింది. ఆవిడ ఫోను దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పట్టుకుని చూశారు.

"మిగతాదేం చేసేరు?"

"టైలరు మడతపెట్టి ఇచ్చేసేడు."

"అయితే దాచు. వచ్చే ఏడాది ఈ తొమ్మిది వేలూ మిగుల్తాయి."

నాలో ఇంకా పదకొండు పోటీలున్నాయట. కోడలి కంటే ముందే అత్తగారు లెక్క కట్టేశారు.