నిన్నటి మొత్తం

ముందే చెప్పుకోవాలి, లెక్కలమ్మది చెడ్డబుద్ధి కాదు, ఆత్రం. గ్రాఫులు గీసే కాలిక్యులేటరు చేతికొచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్లకి నిద్రాహారాల్లేవు. దాంట్లో ప్రోగ్రాములు రాయడం తనంతట తనే నేర్చుకుంది. అక్కడితో ఆగితే బాగుండేది. వాళ్ళ నాన్న సిటీబస్సు డ్రైవరు, చక్కెర జబ్బు మనిషి. తినేదాన్ని బట్టి ఇన్సులిన్ ఎంత పొడుచుకోవాలో ఏళ్ళుగా వేళ్ళ మీద లెక్కేసుకుంటున్నాడు. ‘ఇంకా వేళ్ళేంటి నాన్నా!’ అని ఈ మహాతల్లి ఓ ప్రోగ్రాము రాసిపెట్టింది. రొట్టె, పాలు, పండు, తిన్నదల్లా నొక్కుతూ పోతే కూడి మోతాదు చెబుతుంది.

నిన్న సాయంత్రం మొదటిసారి నడిపి చూశారు. వేళ్ళ లెక్కతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. నాన్న మురిసి ముక్కలయ్యాడు. కొత్తొక వింత, పాతొక రోత. ఆ పూటతో వేళ్ళ లెక్క మూలపడింది.

ఈ పొద్దున మాత్రం సూది పట్టుకుని ఆగాడు.

"ఇంత చెబుతోందేంటే? తిన్నది రెండు రొట్టెలేగా!"

"నిన్న కరెక్టుగా చెప్పింది కదా, ఇవాళ తప్పెందుకు చెబుతుంది? పరీక్షకి టైమవుతోంది నాన్నా, కాలిక్యులేటరు ఇటివ్వు."

"సరే తల్లీ, చదువుకున్నదానివి," అని పొడుచుకుని డ్యూటీకెళ్ళిపోయాడు.

పరీక్షలో రెండో ప్రశ్నకి వరసగా కొన్ని అంకెల మొత్తం కావాలి. చిన్న ప్రోగ్రాము రాసి నడిపింది. జవాబు వచ్చింది. సరిచూసుకుందామని మళ్ళీ నడిపితే రెట్టింపు వచ్చింది. ‘ఛ, మొదట్లో సున్నా పెట్టడం మరిచాను, పాత మొత్తం మీదే కూడుతోంది’ అనుకుని దిద్దబోయింది. వేలు మీట మీదే ఆగిపోయింది.

నాన్నకి రాసినదాంట్లోనూ సున్నా పెట్టలేదు. పొద్దున ఆయన ఒంట్లోకి వెళ్ళింది రెండు రొట్టెల మోతాదే కాదు, నిన్న సాయంత్రం తిన్నదాని మోతాదు కూడా. చక్కెర పడిపోతే నాన్నకి కళ్ళు తిరుగుతాయి, ఎదుటి మనిషెవరో తెలియదు. ఇప్పుడాయన చేతిలో స్టీరింగుంది. లెక్కలమ్మ లేచి నిలబడింది.

"కూర్చో. ఇప్పుడు బయటికెళ్తే మళ్ళీ రానివ్వను," అంది కాపలా ఉన్న మేడమ్.

"వద్దు మేడమ్," అని పరుగెత్తింది.

వరండాలో సంచుల కుప్పలోంచి ఫోను వెతికి తీసింది. బండి నడిపేటప్పుడు నాన్న చచ్చినా ఫోను ముట్టడు. ఈసారి మొదటి రింగుకే ఎత్తాడు. వెనక జనం గోలగోలగా అరుస్తున్నారు.

"నాన్నా, బండాపు! వెంటనే ఆపేసి చక్కెర తిను, నాన్నా!"

నిద్రలో మాట్లాడినట్టు, "ఏ బండి?" అన్నాడు నాన్న.