రెండో పైపు

ఆదివారం చర్చిలో పాస్టరుగారు వాక్యం చెబుతుండగా ఆరోన్ జేబులో ఫోను వణికింది. తీయవద్దన్నట్టు పక్కనున్న భార్య రూతు కళ్లతోనే వారించింది. అయినా తీశాడు. విజయభాస్కర్ పంపిన ఫొటో అది.

నాచారం పారిశ్రామికవాడలో ఆరోన్‌కు చిన్న షెడ్డుంది. వారమంతా ఆస్పత్రి ట్రాలీలు, హోటళ్లకు స్టీలు బల్లలు చేస్తాడు. మనసు మాత్రం ఇంకో పనిమీద ఉంటుంది. రిమోటుతో నడిచే చిన్న ట్రక్కులున్నాయి. మోకాలెత్తు కూడా ఉండవు గాని వాటిలో నిజమైన ఇంజను ఉంటుంది, నైట్రో ఇంధనంతో నడుస్తుంది, చెవులు గింగురుమనేలా అరుస్తుంది. ఆ ఇంజన్లకు సైలెన్సర్ పైపులు చేస్తాడు ఆరోన్. పల్చటి స్టీలు రేకును గరాటులా చుట్టి, అలాంటివి రెండు నోటికి నోరు ఆనించి అతుకుతాడు. పొడవు కాస్త తగ్గించినా పెంచినా ఇంజను గొంతే మారిపోతుంది. ఆ గొంతు తాననుకున్నట్టు పలికిన రోజు అన్నం కూడా గుర్తుండదు అతనికి.

ఫొటోలో ఉన్నది అతను చేసిన పైపే. దాన్ని ట్రక్కుకు పట్టి ఉంచే రేకు చెవి అతుకు దగ్గర ఊడిపోయింది. విరిగినచోట సూదితో పొడిచినట్టు బెజ్జాలు. కింద ఆ ట్రక్కు సొంతదారు విజయభాస్కర్ రాశాడు: ‘నిన్న ప్రాక్టీసులో ఊడింది. కొంచెంలో ట్యాంకు మీద పడేది. తొందరేం లేదు, వీలున్నప్పుడు చేసివ్వు.’

ఆ బెజ్జాలు చూడగానే ఆరోన్‌కు వేసవి మొదట్లో ఒక సాయంత్రం గుర్తొచ్చింది. వెల్డింగు గ్యాసు గొట్టం లీకవుతోందని ఆరోజు కనిపెట్టి మార్చాడు. అతికేటప్పుడు ఆ గ్యాసు సరిగా కప్పకపోతే కరిగిన లోహంలోకి గాలి చొరబడుతుంది. పైకి నున్నగా ఉంటుంది, లోపలంతా గుల్ల. గొట్టమైతే మార్చాడు గాని, అప్పటికే అతికిన వాటి సంగతి ఆలోచించలేదు. ఆరోజు రెండు పైపులు చేశాడు. ఒకటి విజయభాస్కర్‌ది. రెండోది ఉప్పల్‌లో ఉండే పరంధామయ్యగారిది.

కాలుతున్న పైపు ఊడి ప్లాస్టిక్ ట్యాంకు మీద పడితే ఇంధనం అంటుకుంటుంది. ఎండలో ఆ మంట సరిగా కంటికి ఆనదు. ట్రక్కు ఎందుకు ఆగిందా అని ఎవరైనా చేతుల్లోకి తీసుకుంటే?

“ఏందయ్యా, ప్రార్థనల గూడ నిలకడ లేదా?” రూతు గొంతు తగ్గించి అడిగింది.

“జర పోయొస్త. నేను జేసిన పైపు ఇరిగిందంట.”

“రేపు జేసియ్యొచ్చు గద.”

“గది కాదు రూతూ. గసుంటిదే ఇంకోటి ఎవల్దో బండికి ఉన్నది. చేతులు గాల్తయ్.”

రూతు బస్తీ దవాఖానాలో నర్సు. కాలిన చేతులకు కట్లు కట్టడం ఆమెకు రోజూ ఉండేదే. హ్యాండ్‌బ్యాగులోంచి స్కూటరు తాళం తీసి అతని చేతిలో పెట్టింది.

పరంధామయ్యగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. రాజమండ్రి వైపు మనిషి. వరండాలో పేపరు చదువుకుంటూ కనిపించారు. ఆరోన్ గేటు దగ్గర నుంచే ట్రక్కు సంగతి అడిగాడు.

“అది నా దగ్గరెక్కడుందయ్యా? కంటి ఆపరేషన్ అయ్యాక ఇచ్చేశాను. గీతిక అని, మా కొలీగ్ వాళ్లమ్మాయి. దమ్మాయిగూడలో ఉంటారు. రా, లోపలికొచ్చి కాఫీ తాగు.”

“వద్దు సార్, ఫోన్ నంబరు, అడ్రసు ఇయ్యుండ్రి సాలు.”

గీతిక ఫోను మోగుతోంది గాని ఎవరూ ఎత్తడం లేదు. ఆరోన్ స్కూటరు దమ్మాయిగూడ వైపు తిప్పాడు. సిగ్నలు పడిన ప్రతిచోటా ఫోను చేశాడు. ముందు లారీ కదలకపోతే ఊరికే హారను కొట్టాడు. ఎప్పుడూ అలా కొట్టే మనిషి కాదు.

కొత్త కాలనీలో ఇల్లు పట్టుకునేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. గీతిక తల్లి కనకమహాలక్ష్మి తలుపు తీసింది.

“మా అమ్మాయాండీ? ఏదో ట్రక్కుల పోటీ అని పొద్దున్నే వెళ్లింది. ఉప్పల్ భగాయత్‌లో ఖాళీ జాగా ఉందటగా, అక్కడే.”

ఆరోన్ తల పట్టుకున్నాడు. వచ్చింది ఆ వైపు నుంచే. నిలబెట్టి మంచినీళ్లిస్తే రెండు గుక్కలు తాగి, గ్లాసు గోడమీద పెట్టేసి మళ్లీ స్కూటరెక్కాడు.

భగాయత్‌లో ఇంకా ఇళ్లు లేని జాగాలో పాత టైర్లు పేర్చి, ఎర్రమట్టితో మెలికల దారి వేశారు. పక్కన చెక్కలతో ఎత్తుగా అరుగు. దాని మీద నిలబడి ఆటగాళ్లు రిమోట్లు తిప్పుతున్నారు. వాళ్లలో ఆడపిల్ల ఒక్కతే. టైర్లకు ఆనుకుని తల్లిదండ్రులు, పిల్లలు కూర్చుని చూస్తున్నారు.

ఆరోన్ అరుగు కిందికి పరుగెత్తి, ఇంజన్ల రొదలో వినబడేలా అరిచాడు. “గీతికమ్మా! బండి ఆపుండ్రి!”

ఆమె చూపు ట్రక్కు మీద నుంచి కదల్లేదు. “ఎవరండీ మీరు?”

“నీ బండికున్న పైపు నేనే జేసిన. దాని చెవి ఊడేటట్టున్నది. మంటలొస్తయ్!”

“రేస్ అయిపోవస్తోంది. రెండో స్థానంలో ఉన్నాను. అయ్యాక మాట్లాడదాం, ప్లీజ్.”

నీలం ట్రక్కు మట్టిదిబ్బ మీద నుంచి ఎగిరి, పిల్లలు కూర్చున్న మలుపులో దబ్బున పడింది. పడిన ప్రతిసారీ ఆ చెవి మీద ఎంత బరువు పడుతుందో ఆరోన్‌కు తెలుసు. ఇక నిలబడలేకపోయాడు. టైర్లు దాటి దారి మధ్యలోకి దూకాడు. ఎవరో కేకలు వేశారు. అతన్ని తప్పించబోయి నీలం ట్రక్కు టైర్లకు కొట్టుకుని పల్టీలు కొట్టింది. ఆరోన్ పరుగెత్తి, చేతిరుమాలు ఉండచుట్టి పైపు మూతికి అదిమాడు. ఇంజను దగ్గి ఆగిపోయింది.

గీతిక అరుగు దిగి వచ్చింది. మొహం ఎర్రబడింది. “మీకేమైనా పిచ్చా? ఇది నా మొదటి పోటీ!”

అతను ట్రక్కును నీడలోకి తెచ్చి పైపు విప్పాడు. చెవిని వెలుగుకు పెట్టి చూశాడు. గోరుతో అతుకంతా గీకాడు. చుట్టూ జనం మూగారు. పగులు లేదు. తిప్పి మళ్లీ చూశాడు. ఎక్కడా లేదు.

పగులు కనబడితే బాగుండునని తాను కోరుకుంటున్నట్టు అప్పుడు తెలిసింది ఆరోన్‌కు. ఎవరికీ ఏమీ కాకూడదని ఊరంతా తిరిగి వచ్చినవాడు, ఇప్పుడు పైపు విరిగి ఉండాలని వెతుకుతున్నాడు.

“బాగానే ఉందిగా!” అంది గీతిక. “ఇటివ్వండి.”

“ఇయ్యాల బాగున్నది. లోపల గుల్ల ఉంటె పైకి కానరాదమ్మా.”

“గుల్ల ఉంటే విరగాలిగా. విరిచి చూపించండి మరి.”

ఆమె కోపంతో అన్నదే గాని, ఆరోన్ పటకారు తీసుకుని చెవిని పట్టి వంచాడు. వంగింది. ఇటు తిప్పాడు. మెలి తిరిగింది, విరగలేదు. గుంపులో ఎవరో నవ్వారు. ఆ చెవి ఇక ఆరోజు ట్రక్కుకు పట్టదు. గీతిక బండిని సంచిలో పెట్టుకుంది. పైపును మాత్రం అతని చేతిలోనే వదిలేసి వెళ్లిపోయింది.

షెడ్డు తెరిచేసరికి వెనకాలే రూతు వచ్చింది, టిఫిన్ డబ్బా పట్టుకుని. అతను తినలేదు. పైపును బిగించి, అతుకు మధ్యగా రంపంతో కోశాడు. కోసిన ముఖాన్ని ఆకురాయితో నున్నగా చేసి చూశాడు. బెజ్జమన్నది లేదు. గట్టి అతుకు. గొట్టం లీకు మొదలవక ముందే దీన్ని అతికి ఉంటాడు. లేదా గాలి ఆ కాసేపు అటు వీచలేదేమో. ఎందుకన్నది ఇప్పుడు తేల్చుకునే దారి లేదు.

“మంచిదే గద,” అంది రూతు. “ఎవలికి ఏం గాలే.”

“మంచిదాన్ని నేనే నాశనం జేసిన.”

“పోకుంటె ఇంట్ల పండుకుందువా?”

పండుకోడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కాసేపు షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు. సుత్తి తీసి పెట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి గీతికకు ఫోను చేశాడు. ఈసారి ఎత్తింది.

“నేను ఆరోన్‌ని అమ్మా, పైపు జేసినాయన్ని. కోసి సూసిన. నీ పైపు మంచిగనే ఉండె. నాదే తప్పు.”



“మరి విజయభాస్కర్ గారిది నిజంగానే విరిగిందట కదా? ఇందాక మా ట్రక్కుల గ్రూపులో ఫొటో పెట్టారు.”

“అవ్. గది ఇరిగింది.”

“మీరు అది ముందే ఫొటోతో సహా చూపించి ఉంటే ఆపేదాన్ని. అంతమందిలో వచ్చి అరిస్తే ఎవరు నమ్ముతారండీ?”

“నాకు అంత దిమాక్ పనిజెయ్యలే అమ్మా.”

ఆమె నిట్టూర్చింది. కోపం పూర్తిగా పోలేదు. “కొత్తది చేసిస్తారా?”

“ఇస్త.”

“అయితే నేనొచ్చి దగ్గరుండి చూస్తాను. అతికాక నా కళ్లముందే వంచి చూపించాలి.”

“వంచితె మళ్ల ఖరాబైతది గదమ్మా.”

“రెండు చేయండి. ఒకటి వంచుదాం.”

ఫోను పెట్టేశాక ఆరోన్ స్టీలు రేకు దించి బల్లమీద పరిచాడు. రూతు డబ్బా మూత తీసి అతని మోచేతి పక్కకు జరిపింది. ఒక చేత్తో ముద్ద నోట్లో పెట్టుకుంటూ, రెండో చేత్తో రేకు మీద గీత గీశాడు. నచ్చలేదు. చెరిపి మళ్లీ గీశాడు.