దయ్యం రాని కథ

అతన్ని వీధిలో అందరూ దయ్యాల మాస్టారు అనేవారు. ఎవరికీ పాఠాలు చెప్పిన పాపాన పోలేదు. వారపత్రికలో దయ్యాల సీరియళ్ళు రాసి రాసి ఆ పేరు స్థిరపడిపోయింది. అతని నవల చదివిన పూట స్నానాలగదికి వెళ్ళాలన్నా పెద్దవాళ్ళు సైతం తోడు పిలుచుకునేవారట. ఆ మాట విన్నప్పుడల్లా మీసాల్లో నవ్వుకునేవాడు.

అన్న పోయిన ఏడాది అతని కలం మొరాయించింది. అన్న దర్జీ. కింద కుట్టుషాపు, మేడమీద కాపురం. పెళ్ళి చేసుకోని తమ్ముణ్ణి అన్నావదినలే కనిపెట్టుకుని ఉండేవారు. ఆగిపోయిన సీరియల్‌ను కొన్నాళ్ళకు మళ్ళీ అందుకున్నాడు. చచ్చిపోయిన తండ్రి వచ్చి తలుపు తట్టాలి, కొడుకు కెవ్వుమనాలి. ఇలాంటి ఘట్టాలు అతనికి కొట్టిన పిండి. తలుపు తట్టడం వరకూ బాగానే సాగింది. కొడుకు చేత అరిపించబోతే చెయ్యి రాలేదు. తన అన్నే ఇప్పుడు మెట్లెక్కి వస్తే తను అరుస్తాడా? కుర్చీ లాగి కూర్చోమంటాడు, భోంచేశావా అని అడుగుతాడు. కొడుకు చేత కూడా అదే చేయించి పత్రికకు పంపేశాడు.

ఎడిటరు ఫోన్ చేశాడు. పాఠకులు దయ్యం కోసం కాచుక్కూర్చుంటే తమరు దానికి అన్నం పెడుతున్నారేమిటని నిలదీశాడు.

"నాకిప్పుడు పోయినవాళ్ళంటే భయం లేదండీ," అన్నాడతను. "లేనిది ఎలా రాయను?"

సీరియల్ ఎలాగోలా ముగించి, ఇక మామూలు మనుషుల కథ రాస్తానన్నాడు. రాయండి చూద్దాం అన్నాడు ఎడిటరు, ఆ గొంతులో నమ్మకమేమీ లేదు.

అన్న తర్వాత షాపు నడుపుతున్నది వదినే. ఆమె మీదే రాశాడు. కథలో ఆవిడ ధైర్యంగా షాపు తెరుస్తుంది, బేరాలొస్తాయి, ఊరంతా మెచ్చుకుంటుంది. మరిది రాసిన దయ్యాల్లో ఒక్కదాన్నీ వదలకుండా చదివిన మనిషి వదిన. కాగితాలు ఆమె చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు. కత్తిరింపుల బల్ల మీదే పెట్టుకుని చదివింది.

"అందరూ బంగారాలే ఇందులో," అంది. "నీ దయ్యాల కథల్లో తలుపు అవతల ఏముందోనని ప్రాణం లాగేసేది. ఇక్కడ మొదటి పేజీలోనే ఆ తలుపు తీసేశావు."

"ఇది భయపెట్టే కథ కాదు కదా, వదినా."

"ఎవరు చెప్పారు నీకు? మీ అన్న పోయాక మొదటిసారి షాపు తెరిచిన రోజు షట్టరు ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలుసా? లోపల మిషను మీద ఆయన సగం కుట్టిన చొక్కా ఉంది. సూది ఇంకా దాంట్లోనే దిగి ఉంది. అది చూడాలంటే వణుకు. మేడెక్కి, మళ్ళీ దిగాను."

ఆ పొద్దున అతను పైన కూర్చుని షట్టరు లేచిన చప్పుడు విని హమ్మయ్య అనుకున్నాడంతే. ఆ చొక్కా ఏమైందని అడిగాడు. రెండో చెయ్యి తను కుట్టి ఇచ్చేశానని, కుట్టులో తేడా తెలిసిపోయిందని, చొక్కా కుట్టడానికిచ్చిన పెద్దమనిషి మాత్రం ఏమీ అనకుండా తీసుకెళ్ళాడని చెప్పింది వదిన.

కథంతా తిరగరాశాడు. దయ్యాల కోసం ఇన్నేళ్ళూ సాధన చేసిన విద్యంతా ఇందులో పెట్టాడు: చేతిలో చల్లటి తాళంచెవి, ఎక్కి దిగిన మెట్లు, లోపలేముందో తెలిసీ తెరవలేకపోవడం. సగం కథ దాకా షట్టరు లేవలేదు. రాస్తున్నంతసేపూ గుండె దడదడలాడింది. దయ్యాల కథలు రాసేటప్పుడు ఏనాడూ అలా కాలేదు. అవి కాలు మీద కాలు వేసుకుని నింపాదిగా రాసేవాడు.

కథ అచ్చయింది. చివరిదాకా చదివినా దయ్యం రాలేదని పాత పాఠకులు కొందరు తిట్టిపోశారు. ఒకావిడ మాత్రం పత్రికకు ఫోన్ చేసి, తన భర్త బీరువా ఇంకా తెరవలేదని, ఈ రచయితకు పోయినవాళ్ళెవరని అడిగిందట. ఆ సంగతి చెబుతూ చెబుతూనే ఎడిటరు ఇంకో కథ కావాలన్నాడు.

"అయితే ఇక దయ్యాల జోలికి పోవా?" అని అడిగింది వదిన.

ఒట్టేమీ పెట్టుకోలేదన్నాడు. కాకపోతే ఈసారి వచ్చే దయ్యం ఇంట్లో చనువున్నదై ఉంటుందన్నాడు.

"మీ అన్నలాంటి దాన్ని రాయి. ఎంత పిలిచినా పలక్కుండా పని చేసుకునే దయ్యాన్ని," అంది వదిన, దారం పళ్ళతో తెంపుతూ.

అతను నవ్వి, కాగితాలు పట్టుకుని మేడెక్కాడు.