పల్లవి దిగిన పళ్లెం

రఘునాథపల్లిలో రామచందర్ కిరాణా కొట్టు పొద్దున ఆరింటికి తెరుచుకునేది. అప్పటికే ఆయన భార్య రుక్మిణమ్మ వాకిలి ఊడ్చి, కొట్టు ఊడ్చి, వెనక గోదాములో పెద్ద కాంటా దాకా వచ్చి ఉండేది. ఒకప్పుడు పత్తి బోరాలు తూచిన కాంటా అది, గొలుసులతో దూలానికి వేలాడుతుండేది. దాని ఎడమ పళ్లెం మీద ఏమీ లేకపోయినా పదకొండేళ్లుగా నేలకు ఆని ఉంది. రుక్మిణమ్మ దాని చుట్టూ ఊడ్చి, కింద వదిలేసి, స్నానానికి పోయేది.

ఆ కాంటా మనుషుల బరువు చూసేది కాదు. పిల్లనొక పళ్లెంలో, పిల్లగాడినొక పళ్లెంలో కూర్చోబెడితే, కుదిరిన జంట అయితే సమంగా నిలిచేది, ఒకరు ఏనుగంత, ఒకరు ఎలుకంత ఉన్నా సరే. ఆ ఇంట మూడు తరాల పెళ్లిళ్లు దాని మీదే ఖాయమయ్యాయి. చిత్రమేమిటంటే ఎప్పుడూ మేనరికాలే సమంగా నిలిచేవి. కాంటాకు కూడా మన ఆచారం తెలుసునని పెద్దలు మురిసిపోయేవారు.

పదకొండేళ్ల కింద పెద్ద బిడ్డ పల్లవిని ఎడమ పళ్లెంలో, రుక్మిణమ్మ తమ్ముడు హన్మంత్‌ను కుడి పళ్లెంలో కూర్చోబెట్టారు. ముల్లు నడిమికి వస్తుండగా పల్లవి దూకేసింది. దూకి అట్లాగే వీధిలోకి పోయి, జనగామ కాలేజీలో తనతో చదివిన వాల్యాను పెళ్లి చేసుకుంది. వాల్యా తండావాడు, భూపాలపల్లి బొగ్గు గనిలో పని. రామచందర్ బిడ్డ పేరు మీద నీళ్లు విడిచాడు. కానీ పళ్లెం మాత్రం ఆమె ఇంకా కూర్చున్నట్టే కిందికి ఉండిపోయింది. అక్కకు కుదిరితే చెల్లెకూ కుదిరినట్టేనని, అదే ముహూర్తానికి చిన్న బిడ్డ అహల్యను హన్మంత్‌కు ఇచ్చారు. అహల్యను ఎవరూ తూచలేదు, అడగనూ లేదు.

వాళ్ల కూతురు సుమ పొట్టి బొటనవేళ్లతో పుట్టింది. ఒంటి మీద అక్కడక్కడ నల్ల మచ్చలు. ఎనిమిదో ఏట చిగుళ్ల నుంచి రక్తం కారితే పట్నం తీసుకుపోయారు. వంశంలో నుంచి వచ్చిన రక్తలోపం అన్నారు, అదే ముదిరి రక్త కేన్సర్ అయిందన్నారు. ఎముకల్లో రక్తం ఊరే మూలుగు మార్చాలి, ఇంట్లో ఎవరిదైనా కలవాలి, అదీ రెండు నెలల్లో.

ఎవరిదీ కలవలేదు. సుమ తమ్ముడు రవితేజది కలవలేదు. పాలకుర్తి నుంచి రామచందర్ చెల్లెలి బిడ్డ శిల్ప వచ్చి పరీక్షకు రక్తమిచ్చింది, ఆమెదీ కలవలేదు. ఇంతలో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు నిలిచాయి, రైళ్లు నిలిచాయి, గనులు బందై కరెంటు కూడా పోతూ వస్తూ ఉంది. తెలంగాణ రావాలని అహల్యకూ ఉంది. కానీ రెండు నెలల్లో ఇరవై రోజులు అప్పుడే అయిపోయాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బిడ్డ పక్కన కూర్చుని గోడలు చూస్తుంటే, ఈ ఇంటిలోంచి తను ఎన్నడూ బయటపడలేదని ఆమెకు ఏడుపొచ్చింది.

ఒక మధ్యాహ్నం కరెంటు లేదు. గాలి తగులుతుందని సుమ గోదాములోకి పోయి, బియ్యం బస్తా మీదెక్కి, పైకి తేలి ఉన్న కుడి పళ్లెంలో కూర్చుంది. పద్దెనిమిది కిలోల పిల్ల. గొలుసులు కిర్రుమన్నాయి.

"అమ్మా! నేను కిందికొస్తున్న!"

అందరూ ఉరికారు. నేలకు ఆనిన పళ్లెం లేచింది, సుమ పళ్లెం దిగింది, ముల్లు నడిమికి వచ్చి కదలకుండా నిలిచింది. పిల్ల దిగగానే ఎడమ పళ్లెం మళ్లీ నేలకు ఆనింది. ఎక్కిస్తే మళ్లీ సమం.

హన్మంత్ పట్నం డాక్టరమ్మకు ఫోన్ చేసి, అందరికీ వినబడేట్టు పెట్టాడు. ఆమెదీ జనగామ వైపే, కాంటా సంగతి కొత్తగా చెప్పే పని పడలేదు.

"ముల్లు ఊగుతున్నదా, నిలిచిందా?"

"నిలిచింది మేడం."

"అటు పళ్లెంల ఎవరున్నరు?"

హన్మంత్ రామచందర్ వైపు చూశాడు. "మా అక్క పెద్ద బిడ్డ," అన్నాడు చివరికి.

"పెద్ద బిడ్డా? కాయితంల మీ మామకు ఒక్కతే బిడ్డ అని రాసిండ్రు కదా! ఇంకెవరన్న ఉన్నరా అని నేను రెండుసార్లు అడిగిన."

రాసింది రామచందర్. నీళ్లు విడిచిన బిడ్డను లెక్కలో ఎట్లా రాస్తాడు?

"ఇంకో మాట," అంది డాక్టరమ్మ. "సమంగ నిలిచిండ్రంటే ఇద్దరిదీ ఒక్క తీరు రక్తమని. మూలుగియ్యాలంటే మంచిదే. పెండ్లి చేస్తే మాత్రం, అమ్మల దాగిన లోపం, నాయినల దాగినదీ కలిసి బిడ్డ మీద పడతది. మీరు కాంటాను ఉల్టా చదివిండ్రు."

రామచందర్ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. రుక్మిణమ్మ వంటింట్లోకి పోయి మామిడికాయ జాడీ మూత తెచ్చింది. దాని లోపలివైపు ఒక ఫోన్ నంబర్ రాసి ఉంది. పదకొండేళ్లు ఆ పచ్చడి తిన్న ముసలాయన మూత వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, ఫోన్ తీసుకున్నాడు.

"బిడ్డా... నాయిన్ని. నువ్వు దిగిపోయినవనుకున్న. ఇంకా ఈడనే కూసున్నవు. సుమకు నువ్వే దిక్కట. ఒక్కపారి రా."



రెండో రోజు పల్లవి, వాల్యా మోటారు సైకిలు మీద వచ్చారు. గని సమ్మెలో ఉంది కాబట్టి వాల్యాకు డ్యూటీ లేదు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నవాళ్లు ఆపి, సంగతి విని, "ఉత్తగ పోతే ఎట్ల, రెండు ముద్దలు తిని పొండ్రి," అని చేతిలో విస్తర్లు పెట్టారట. వాకిట్లో దిగేసరికి పల్లవి చేతికి ఇంకా పసుపు వాసనే.

అహల్య ఎదురుపోలేదు. గోదాము గుమ్మంలో నిలబడింది.

"నువ్వు దూకితివి అక్కా. నీ జాగల నన్ను కూసోబెట్టిండ్రు."

"ఎరుకే," అంది పల్లవి. "నీ చెయ్యి వట్టుకోని దూకాల్సింది. నా పానం నేను చూసుకున్న."

అహల్య అక్క భుజం మీద రెండు దెబ్బలు వేసి, ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. ఆ మధ్యాహ్నమే జీపులో పట్నం పోయారు. సమ్మెవాళ్లు ఆపిన ప్రతిచోటా సుమను చూపించి, జై తెలంగాణ అని, ముందుకు సాగారు. పరీక్షలో అన్ని గుర్తులూ కలిశాయి. పల్లవి నడుము ఎముకలోంచి సూదితో తీసిన మూలుగు, మామూలు రక్తం ఎక్కించినట్టే, సంచీలోంచి చుక్కలు చుక్కలుగా సుమలోకి దిగింది.

సమ్మె అయిపోయింది, బస్సులు తిరిగాయి. మూలుగు ఎక్కించిన ఇరవై మూడో రోజు రుక్మిణమ్మ గోదాములో చింతపండు తీస్తుండగా గొలుసులు కిర్రుమన్నాయి. ఎడమ పళ్లెం నెమ్మదిగా లేచి కుడిదాని సరసన నిలిచింది. కొట్టులో ఫోన్ మోగింది. సుమలో కొత్త రక్తం ఊరుతోందని హన్మంత్ ఏడుస్తూ చెప్పాడు. రుక్మిణమ్మ చీపురు తెచ్చి, పదకొండేళ్లుగా ఊడ్వని చోట ఊడ్చింది.

పళ్లెం లేచిందన్న మాట చుట్టాల్లో ఊరికే ఉంటుందా? సుమ ఇంటికొచ్చిన వేసవిలో, పాలకుర్తి వాళ్లు శిల్పను, ఆమె మేనత్త కొడుకు సాకేత్‌ను వెంటబెట్టుకుని దిగారు. ఇన్నేళ్లూ కాంటా కోసమే ఆగారట. శిల్ప తల వంచుకుని ఎడమ పళ్లెంలో, సాకేత్ కుడి పళ్లెంలో కూర్చున్నారు. ముల్లు నడిమికి వచ్చి నిలిచింది.

"ఇంకేంది బావా, సరిగ్గ నిలిచింది! తాంబూలాలు తీసుకుందామా?" అన్నాడు శిల్ప తండ్రి.

"సరిగ్గ నిలిచింది," అన్నాడు రామచందర్. "అందుకే ఈ పెండ్లి వద్దు."

శిల్ప తలెత్తింది. అహల్య వచ్చి చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని శిల్ప నిదానంగా దిగింది, దూకే పని లేకుండానే.