సుక్కమ్మ అచ్చరం

మా ఇంట్ల కంప్యూటర్ ఆన్ చేసి, బియ్యం కడిగి, అన్నం వండి వచ్చినా అది ఇంకా తెల్వి తెచ్చుకోదు. పెండ్లికూతురు ఫోటో జర పెద్దగ చేద్దామంటే తెర మీద ఇసుక గడియారం తిరుగుతనే ఉంటది. మొన్న మన్నెగూడ నుంచి ఒకాయన లగ్గం పత్రిక చేయించుకుందామని వచ్చిండు. కూసొని కూసొని, "ఇగ పిల్లలు పుట్టినంక వస్తమ్మా" అని లేచి పోయిండు. నాకు తల కొట్టేసినట్టయింది.

నా పేరు యమున. ఇబ్రహీంపట్నంల మా ఇంటి ముందటి అర్రలనే పత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్త. నా పని పెరిగింది గని ఆ డబ్బా పెరగలే. కొత్తదాని మీద నాకెంత పానమంటే, ఆదిభట్ల సాఫ్ట్‌వేర్ కంపెనీ బస్సు మా సందు మొగదాల ఆగితే దిగెటోళ్ల మొఖాలు కనవడవు, భుజాల మీది ల్యాప్‌టాప్ బ్యాగులే కనవడుతయి. ఆ బస్సు నడిపేది మా తమ్ముడు రమేశే.

"అక్కా, ఇంకెన్నాళ్లు గుంజుతవ్? పాతది దుకాణంల ఇచ్చేసి ల్యాప్‌టాప్ తెచ్చుకుందాం, నేను మాట్లాడి పెట్టిన," అన్నడు వాడు.

నేను ఎగిరి గంతేసిన. అమ్మనే అడ్డం పడ్డది.

"గది పోతే నా అచ్చరం పోతది," అన్నది.

ఆ అక్షరం సంగతి చెప్పాలె. మా బాపు బాలనర్సింహ చెరువుల చేపలు పట్టెటోడు. చేపలోళ్ల సంఘం కాయిదాలు తానే కంప్యూటర్ల టైపు కొట్టాలని మీద పడ్డ ఈడుల ముచ్చట పుట్టింది. ఇంగ్లీషు రాదు. అందుకని పాత క్యాలెండర్ ముక్కలు కత్తిరిచ్చి, ఏ బటన్‌కు ఏ తెలుగు అక్షరం వస్తదో నన్ను అడుక్కుంట, రాసి, టేపుతోని అతికిచ్చిండు. కింది వరుసల ఒక బటన్ చూపెట్టి నేను "చ" అన్న. ఆయన "స" అని రాసుకున్నడు. బాపు నోట్ల మాట మొదట్ల చ అనేదే లేకుండె. చెరువు సెరువే, చేప సేపనే.

"బాపూ, గది చ. స పైన ఉన్నది గద!"

"రెండుంటే ఏమాయె? మనకు స వాడకమెక్కువ," అన్నడు.

ఆ బటన్ ఒత్తితే తెర మీద చ వచ్చేది. "సూడు బిడ్డా, నేను సేప అంటే ఇది చేప అంటది. పట్నపోళ్ల లెక్క మాట్లాడవట్టె!" అని నవ్వేటోడు. ఆ నవ్వు కోసం ఇప్పుడు ఎంత తండ్లాడినా ఏమొస్తది.

అమ్మకు చదువు రాదు. ఆమె పేరు ఆధార్‌ల చుక్కమ్మ, మా నోళ్లల్ల సుక్కమ్మ. బాపు ఒకనాడు ఆమెను పక్కన కూసోవెట్టుకొని, వేలు పట్టి ఆ బటన్ మీద పెట్టి, "గిది నీ పేరుల మొదటి అచ్చరం, స," అన్నడు. అమ్మ ఒత్తింది. తెర మీద చ పడ్డది. ఇద్దరు మురిసిపోయిన్రు. నేను మాత్రం పండ్లు కొరికిన.

బాపు పోయినంక అమ్మ రోజూ కంప్యూటర్ తుడుస్తది. తుడిచి, ఆ బటన్ ఒక్కపారి ఒత్తి పోతది. నా పనిల యాడవడితే ఆడ ఒక చ. ఒకపారి పెండ్లికొడుకు పేరు ముంగట "చి." ఉండాల్సిన జాగల "చచి." అయి కూసున్నది. అచ్చుకు పోయేముందు నా కండ్లు పడ్డయి గని, లేకుంటే పెండ్లోళ్లు నన్ను బతకనిస్తురా?

"పెండ్లికొడుకును చంపుతవా ఏందే!" అని అమ్మ మీద ఇంతెత్తు లేచిన. తెల్లారి అమ్మ మళ్ల ఒత్తింది.

నాకు కొత్తది కావాలె. బాపు పెట్టిన అక్షరం కూడా ఉండాలె. పాత కీబోర్డు కొత్తదానికి తగిలిద్దామంటే దాని గుండ్రటి పిన్ను పట్టదన్నడు దుకాణపాయన. పోనీ, కీబోర్డొక్కటి నీ దగ్గర దాచుకో అని అమ్మకు చెప్పిన.

"ఒత్తితే పలకనిదాన్ని ఏం సేసుకోవాలె?" అన్నది.

ఆఖరికి కీబోర్డొక్కటి ఉంచుకొని పాతది దుకాణంల ఇచ్చినం, ల్యాప్‌టాప్ ఇంటికి వచ్చింది. అమ్మ ఆ అర్ర దిక్కే రాలే. నేను పాత బటన్ మీది కాయితం ఊడదీసి కొత్తదానికి అతికిద్దామని గోరుతోని మసకబారిన టేపు మెల్లగ లేపిన. లేపి చూస్తే అది వట్టి తెల్ల కాయితం. స లేదు. అక్షరం ఎన్నడో ఎలిసిపోయింది.

"అమ్మా, దీని మీద ఏం లేదే," అన్న.

"గది పోయి మస్తు రోజులాయె," అన్నది గడపల నిలవడి. "నేను కాయితం సూసి ఒత్తుతున్ననా? మీ బాపు వేలు వెట్టిన తాన ఒత్తుతున్న."

అమ్మను చెయ్యి పట్టి తీసుకొచ్చి ల్యాప్‌టాప్ ముంగట కూసోవెట్టిన. ఆ బటన్ ఎక్కడున్నదో నేను చెప్పలే. కొంగుతోని బటన్లన్నీ ఒకపారి తుడిచింది. వేలు కింది వరుసలకు పోయి, కొంచెం తడుముకొని, ఆగింది. ఒత్తింది.

నేను సగం చేసిన పత్రిక నడుమల అక్షరం పడ్డది.

అమ్మ తెరనే చూసుకుంట అడిగింది: "మీ బాపు స అంటుండె. గిది గదేనా బిడ్డా?"

తెర మీద ఇంత పెద్ద చ.

"అవ్ అమ్మా," అన్న. "స."