తలుపు అవతలి సినిమా

కువైట్‌లో పనివాళ్ళందరిలాగే తను 'మామా' అని పిలిచే యజమానురాలి నెరిసిన జడ చివర ముడి వేస్తూనే రెడ్డెమ్మ ఒక కన్ను టీవీ మీద ఉంచింది. పదకొండు గంటలకు పాత హాలీవుడ్ సినిమా. మామా చూపు పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి తెరమీద బొమ్మను ఆమెకు చెప్పేది రెడ్డెమ్మే. మాటలు మామాకే అర్థమవుతాయి. ఒకప్పుడు బడిలో ఇంగ్లీషు చెప్పిన మనిషి. రెడ్డెమ్మకు ఇంగ్లీషు రాదు, చదువూ లేదు. రాయచోటి నుంచి వచ్చి, పందొమ్మిదేళ్ళుగా వంటింట్లో నేర్చుకున్న అరబ్బీతోనే చెబుతుంది. అయినా ఎవరి చెయ్యి వణికిందో, ఎవరు తల తిప్పుకున్నారో, ఒక్కటీ వదలదు. ఏడుపు ఘట్టాలను మాత్రం కాస్త మెత్తబరిచి చెబుతుంది.

"ఈ రోజు కల్పించకు. ఉన్నది చెప్పు," అంది మామా.

కువైట్‌లో టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లో, మగవాళ్ళు కూర్చునే దివానియాలో ఈ సినిమా ఆడుతుంటే, పదేళ్ళ మామా తలుపు అవతల నిలబడి రేడియో విన్నట్టు వింది. చివర ఓడ కూసింది. ఆ తరువాత మాట లేదు. లోపల మగవాళ్ళంతా నిట్టూర్చారు. ఏమైందని అడిగితే అన్న కసిరాడు. మళ్ళీ ఈ రోజు దాకా ఆ సినిమా ఎక్కడా దొరకలేదు.

ఇప్పుడు ఓడ కూసింది. మామా వేళ్ళు రెడ్డెమ్మ మణికట్టును బిగించి పట్టుకున్నాయి.

"ఓడ కదల్తా ఉండాది మామా. ఆయప్ప పైనుంచి చెయ్యి చాపినాడు. ఆయమ్మ ఎక్కలా."

"ఏడుస్తోందా?"

రెడ్డెమ్మ ముందుకు వంగి తేరిపార చూసింది.

"లేదు మామా. రేవు మెట్లమీద కూకోని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకోని నగతా ఉండాది. ఒగతే ఉండాది గానీ, మొగంలో దిగులు లేదు."

"నిజమేనా?"

"నా బిడ్డల మీద ఒట్టు."

"అరవై ఏళ్ళుగా ఆమె కోసం దిగులుపడ్డాను," అని మామా తనూ నవ్వింది. "నీ కళ్ళు మంచివి రెడ్డెమ్మా."

కూర బాగుందని, ఇల్లు శుభ్రంగా ఉందని ఇన్నేళ్ళలో చాలామంది అన్నారు. ఈ మాట ఎవరూ అనలేదు. రెడ్డెమ్మ దువ్వెనలోని వెంట్రుకలు తీస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం నమాజు చేసుకుని మామా పడుకుంది. సాయంత్రం టీ తెచ్చి రెడ్డెమ్మ ఒకసారి పిలిచింది. రెండోసారి పిలవలేదు. చల్లబడిన చెయ్యి పట్టుకోగానే తెలిసిపోయింది.

మామా కూతురు పరుగున వచ్చింది. తల్లిని తీసుకుపోయే ముందు, "చివరికి అమ్మ ఏమంది?" అని అడిగింది.

"నగింది," అంది రెడ్డెమ్మ.

అందరూ వెళ్ళాక రెడ్డెమ్మ మామా గది సర్దడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. మంచం పక్కన, లేవగానే పాదాలు వెతుక్కోకుండా అందేలా తను తలుపువైపు తిప్పి పెట్టిన మెత్తటి చెప్పులు జంటగా అలాగే ఉన్నాయి.